బిడ్డను ఇచ్చువారి సమ్మతి: 1910 నాటి అడయారు పత్రము, దాని తరువాతి చరిత్ర

రోమా 8:15, గలతీ 4:5, ఎఫెసీ 1:5 వచనములమీద ప్రసంగించునప్పుడు మనము దత్తతను ఎల్లప్పుడు స్వీకరించు తండ్రి వైపునుండియే వివరిస్తాము. ఆయన ప్రేమ, ఆయన ఇచ్చు పేరు, ఆయన ఇచ్చు స్వాస్థ్యము: ఇవే మన అంశములు. ఆ బిడ్డను ఇచ్చినవారు ఎవరు, ఏ స్థితిలో ఇచ్చారు అని ఎవరూ అడుగరు. రక్షణ సిద్ధాంతములో ఆ ప్రశ్నకు చోటు లేదు గనుక అందులో దోషము లేదు. అయితే అవే వచనములను చూపించి మన ఊళ్లలో ఒక పసిబిడ్డను ఒక ఇంటినుండి మరియొక ఇంటికి మార్చు వ్యవహారము జరిగినప్పుడు ఆ ప్రశ్నను విడిచిపెట్టుటకు వీలులేదు. బిడ్డను ఇచ్చువారి సమ్మతి అనగా ఏమిటి, అది ఎప్పుడు నిజమైన సమ్మతి అగును, ఇచ్చిన తరువాత దానిని వెనుకకు తీసికొనవచ్చునా అను విషయములను తెలుగువారి చరిత్రనుండి పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పౌలు ఎరిగిన రోమా చట్టములో ఇచ్చువాని సమ్మతి ఉండెను గాని అది తండ్రిది మాత్రమే. తండ్రి అధికారమునుండి కుమారుని విడిపించుటకు అతనిని మూడుసార్లు అమ్మినట్లు ఒక తంతు జరిపేవారు. మూడుసార్లు అమ్మబడిన కుమారుడు తండ్రి అధికారమునుండి విడుదల పొందును అను పండ్రెండు పట్టికల శాసనము దానికి మూలము. ఆ తంతులో తల్లికి ఏ స్థానమును లేదు. పాత నిబంధనలో చూస్తే పరిస్థితి వేరుగా కనబడుతుంది. నిర్గమకాండము 2వ అధ్యాయములో మోషేను ఫరో కుమార్తెకు అప్పగించినది తల్లియే. కాని అది ప్రాణభయముచేత, రాజాజ్ఞ భయముచేత చేసిన పని, దానిని మనము స్వేచ్ఛాసమ్మతి అని పిలువలేము. హన్నా సమూయేలును ఇచ్చినప్పుడు పాలు విడుచువరకు వేచియున్నది, భర్త ఎల్కానా ఆమె నిర్ణయమును ఒప్పుకొన్నాడు (1 సమూయేలు 1:22-23). అప్పులవాడు ఇద్దరు కుమారులను పట్టుకొని పోవుటకు వచ్చినప్పుడు విధవరాలు ఎలీషాకు మొరపెట్టినది (2 రాజులు 4:1). ప్రవక్త ఆ పిల్లలకు వేరొక మంచి ఇల్లు వెదకలేదు, అప్పు తీర్చు మార్గము చూపాడు. ఈ మూడవ సంఘటనను మన దత్తత ప్రసంగములలో మేము ఎన్నడూ వినలేదు.

మన దేశపు ధర్మశాస్త్రములకు వస్తే, వసిష్ఠ ధర్మసూత్రము కుమారుని ఇచ్చుటకు తల్లిదండ్రులిద్దరికి అధికారము ఉన్నదని చెప్పి, భర్త అనుమతి లేకుండ స్త్రీ ఇవ్వరాదని, ఒక్కగానొక్క కుమారుని ఇవ్వరాదని ఆంక్షలు పెట్టినది. ఈ చివరి ఆంక్షమీద బాలుసు గురులింగస్వామి, బాలుసు రామలక్ష్మమ్మల వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్లింది. ఏకైక కుమారుని దత్తత ఇచ్చుట చెల్లునని 1899లో అక్కడ తీర్పు వచ్చింది. అట్టి వ్యాజ్యములలో తగవంతయు ఆస్తిని గురించియే. బిడ్డ మనసు గాని, కన్నతల్లి మనసు గాని వాదములోనికి రాలేదు. ఆ ప్రశ్న మొదటిసారి బలముగా లేచినది దత్తత వ్యాజ్యములో కాదు, సంరక్షణ వ్యాజ్యములో. అందులో కక్షిదారుడు ఒక తెలుగు తండ్రి.

అడయారులో చేసిన సంతకము

మదనపల్లె అనగానే మన పాఠకులకు ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి జ్ఞాపకము వచ్చును. ఆ ఊరిలోనే 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించాడు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, బ్రాహ్మణుడు, చాలకాలమునుండి దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయింది. ఉద్యోగ విరమణ తరువాత పెద్ద కుటుంబమును పోషించుట కష్టమై నారాయణయ్య ఆ సమాజపు అధ్యక్షురాలైన అనీబిసెంటు గారికి పని యిప్పించుమని వ్రాసి, మొదట నిరాకరింపబడి, చివరకు 1909 జనవరిలో మద్రాసు అడయారులోని సమాజ కార్యాలయములో చేరాడు. ఆ సంవత్సరమే సమాజ నాయకుడు లెడ్‌బీటర్ సముద్రతీరమున కృష్ణమూర్తిని చూచి, రాబోవు జగద్గురువు ఈ బాలుని శరీరమును వాహనముగా చేసికొనునని ప్రకటించాడు.

1910 మార్చి 6న నారాయణయ్య ఒక పత్రము వ్రాసి, తన ఇద్దరు కుమారులైన కృష్ణమూర్తికిని నిత్యానందమునకును అనీబిసెంటు గారిని సంరక్షకురాలిగా నియమించాడు. అప్పుడు పెద్దవానికి 14 సంవత్సరములు, చిన్నవానికి 11. ఈ సంతకమును మనము కొంచెము నిలిచి చూడవలెను. తండ్రి చదువుకొన్నవాడు, చట్టము తెలిసిన ఉద్యోగము చేసినవాడు, ఎవరును బలవంతము చేయలేదు. అయినను అతడు ఎవరికి తన పిల్లలను అప్పగించాడో ఆ సంస్థయే అతనికి పని యిచ్చినది, నీడ యిచ్చినది. ఆ సంస్థ పెద్దలు అతనికి మతవిషయములో గురుస్థానములో ఉన్నారు. భార్య లేదు. ఇట్టి స్థితిలో కాదనుట ఎంత కష్టమో మన బోర్డింగు హోముల చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

1912 ఆరంభములో బాలురను చదువు నిమిత్తము ఇంగ్లండుకు తీసికొని వెళ్లారు. తండ్రి దానికి కూడ ఒప్పుకొన్నాడు. కాని లెడ్‌బీటర్ ప్రవర్తనను గూర్చిన అనుమానములు, కుమారునికి దైవత్వము అంటగట్టుట, కులధర్మము చెడుట, ఇవన్నియు అతని మనస్సును త్రిప్పినవి. ఆ యేటనే సమ్మతిని రద్దు చేసికొని, పిల్లలను తిరిగి ఇప్పించుమని చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. ఆ దావా మద్రాసు హైకోర్టుకు బదిలీ అయినది. అనీబిసెంటు గారు తానే వాదించుకొన్నారు. తండ్రి పక్షమున సి.పి. రామస్వామి అయ్యరు వాదించాడు. (ఆయనే కొద్ది సంవత్సరములకు ఆమెతో కలసి హోంరూల్ ఉద్యమములో పనిచేసెను. కోర్టు వాదములకు ఇంతకంటె చక్కని వ్యాఖ్య లేదు.) 1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ అతి ఘోరమైన ఆరోపణను రుజువైనట్లు అంగీకరింపలేదు గాని పిల్లలను తండ్రికి అప్పగించవలెనని తీర్పు చెప్పాడు. ఆ యేడే అప్పీలులో ప్రధాన న్యాయమూర్తి ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ ఆ తీర్పును స్థిరపరచారు.

1914లో ప్రీవీ కౌన్సిల్ దానిని కొట్టివేసింది. తీర్పు చివరను మాత్రమే చదివినవారు తండ్రి ఓడిపోయెనని చెప్పి ఊరకుంటారు. కాని ఆ తీర్పులో రెండు మాటలు వేరువేరుగా ఉన్నవి. మొదటిది: తండ్రి సంరక్షకత్వము ఒక పవిత్రమైన బాధ్యత, బ్రతికియుండగా దానిని ఇంకొకరికి పూర్తిగా బదలాయించుటకు అతనికి అధికారము లేదు. పెంపకమును, చదువును మరొకరికి అప్పగించవచ్చును గాని ఆ అప్పగింత స్వభావమునుబట్టియే ఉపసంహరించుకొనదగినది. రెండవది: అప్పగించిన తరువాత బిడ్డకు క్రొత్త అనుబంధములు, ఆశలు ఏర్పడి, వాటిని తెంచుట బిడ్డకు హాని అగునట్లయితే న్యాయస్థానము తండ్రి కోరికకు అడ్డుపడవచ్చును. అంటే తండ్రి సమ్మతి ఉపసంహరణీయమే, కాని బిడ్డ మేలు దానికంటె పైది.

మద్రాసు తీర్పులు ఎందుకు నిలువలేదు? ఇంగ్లండులో ఉన్న బాలురమీద చెంగల్పట్టు కోర్టుకు అధికారము లేకపోవుట ఒక కారణము. ఆ బాలుర ఇష్టమేమిటో, వారి క్షేమము ఎందులో ఉన్నదో విచారింపకుండ వారిని ఓడ ఎక్కించుమని ఆజ్ఞాపించుట మరియొక కారణము. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము మైనరు క్షేమమును చూడవలెనని, గ్రహింపు వయస్సు గల మైనరు ఇష్టమును కూడ పరిగణించవచ్చునని అప్పటికే చెప్పియున్నది. అయినను రెండు కోర్టులలో ఇరుపక్షముల పెద్దలు పోరాడుచుండగా పిల్లలను ఎవరూ అడుగలేదు. చివరకు 1929లో ఆ పిల్లవాడే పెద్దవాడై, తన చుట్టు కట్టిన నక్షత్ర సంఘమును తానే రద్దు చేశాడు.

దివ్యజ్ఞానులను విమర్శించి మనము తప్పించుకొనలేము. అదే కాలములో తిరునెల్వేలి జిల్లా డోనవూరులో ఆమీ కార్మైఖేల్ గారి ఆశ్రయములో ఉన్న ఒక బాలికను గూర్చి కూడ వ్యాజ్యము నడిచినది. తీర్పు తల్లి పక్షమున వచ్చినది, అప్పటికే ఆ బాలిక అక్కడ లేదు. కార్మైఖేల్ గారి ఉద్దేశము ఆ పిల్లను అపాయమునుండి కాపాడుట అనుటలో మాకు సందేహము లేదు. అడయారువారు కూడ తమ ఉద్దేశము మంచిదనియే నమ్మారు. సదుద్దేశము ఉన్నచోట తల్లిదండ్రుల సమ్మతిని లెక్కచేయకపోవుట సులభమగును. ఈ సంగతి మిషను చరిత్ర వ్రాయువారు దాటవేయరాదు.

వేలిముద్రల కాలము

స్వాతంత్ర్యము తరువాత 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టము వచ్చినది. క్రైస్తవులకు అట్టి చట్టము రాలేదు. అందరికి వర్తించునట్లు 1972లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు 1978లో ఉపసంహరింపబడినది, 1980లో తెచ్చినది మురిగిపోయినది. కాబట్టి మన సంఘములలో పిల్లలు లేని దంపతులు 1890 చట్టము క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. పెంచినవారు బిడ్డకు తమ ఇంటిపేరు పెట్టి, సంఘ రిజిస్టరులో కుమారుడని వ్రాయించినను 1925 వారసత్వ చట్టము దృష్టిలో ఆ బిడ్డ వారసుడు కాడు. ఇట్టి సందిగ్ధములో "పెంపకానికి ఇచ్చుట" అను ఊరి పద్ధతి బలపడినది. పాస్టరు ముందు, లేక హోము మేనేజరు ముందు ఒక స్టాంపు కాగితము, దానిపై రెండు వేలిముద్రలు: ఇంతే వ్యవహారము.

విదేశములకు పంపు దత్తతలలో ఇట్టి కాగితములు ఎక్కువైనప్పుడు లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు ఒక లేఖ వ్రాశాడు. దానిని రిట్ పిటిషనుగా స్వీకరించి 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పును ప్రతి బాలల హోము నడుపువారు చదువవలెనని మా అభిప్రాయము. బిడ్డ పుట్టకముందు గాని, పుట్టిన మూడు నెలలలోపు గాని ఇచ్చివేయు నిర్ణయము తీసికొనుమని కన్నవారిని ప్రేరేపించరాదని, ఒత్తిడి లేకుండ దాని ఫలితములన్నియు వారికి వివరించవలెనని, పునరాలోచనకు గడువు ఇవ్వవలెనని ఆ తీర్పు చెప్పినది. 1914లో తండ్రి సంతకము చేసిన తరువాత మనసు మార్చుకొనవచ్చునా అని అడిగారు. 1984లో సంతకమునకు ముందు ఏమి జరిగినదని అడిగారు. మా దృష్టిలో ఇది పెద్ద మలుపు. ఆ తీర్పు ఫలితముగా 1990లో కేంద్ర దత్తత సంస్థ, కారా, ఏర్పడినది.

అయినను తీర్పు వచ్చిన పదిహేనేండ్లకు మన రాష్ట్రములోనే అది కాగితముగా మిగిలిపోయినదని తేలినది. 1999లోను, మరల 2001లోను హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలమీద పోలీసు చర్యలు జరిగి, వందలకొలది శిశువులను ప్రభుత్వ శిశువిహారుకు తరలించారు. వారిలో అనేకులు నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల ఆడశిశువులు. ఒకప్పుడు ఓలి ఇచ్చి పిల్లను చేసికొన్న లంబాడాలలో కట్నము ప్రవేశించినది. వర్షములు లేవు, వలసలు తప్పలేదు. మూడవ, నాలుగవ ఆడపిల్ల పుట్టిన ఇంటికి మధ్యవర్తి వచ్చేవాడు. తల్లిదండ్రుల చేతికి కొన్ని వందలో కొన్ని వేలో రూపాయలు అందినవని, విదేశీ దంపతులు చెల్లించినది దానికి ఎన్నో రెట్లని ఆనాటి పత్రికలు వ్రాసినవి. దస్త్రములో మాత్రము అన్నియు సక్రమము. "మా ఇష్టపూర్వకముగా వదులుకొనుచున్నాము" అను భావము గల పత్రము, క్రింద వేలిముద్ర. ఆ సంస్థలలో క్రైస్తవ నామము ధరించినవి కూడ ఉన్నవి. ఈ విషయమును మన పత్రికలు అప్పుడు మెల్లగా దాటిపోయినవి. కొందరు దీనిని సంఘముమీద దాడిగా మాత్రమే చూచారు.

తండా తల్లి ఇచ్చిన వేలిముద్రకును నారాయణయ్య సంతకమునకును పోలిక ఉన్నదా? అతడు కోర్టుకు వెళ్లగలిగాడు, ఆమె వెళ్లలేదు. బిడ్డ ఏ దేశమునకు పోవునో ఆమెకు తెలియదు. తెలుగులో వ్రాసిన కాగితమును చదివి వినిపించినను, ఇంట లంబాడీ మాటలాడు స్త్రీకి ఎంత అర్థమైనదో చెప్పలేము. అనేక సందర్భములలో నిర్ణయము చేసినది అత్తయో మామయో. ఆకలికిని అధికారమునకును మధ్య నిలిచి చేసిన అంగీకారమును సమ్మతి అని పేరుపెట్టుట నారాయణయ్య విషయములోకంటె ఇక్కడ ఎక్కువ కఠినము. 2001లో రాష్ట్ర ప్రభుత్వము పేదరికమును, ఆడపిల్ల యగుటను, పిల్లల సంఖ్యను కారణముగా చూపి బిడ్డలను సంస్థలకు వదులుకొను పద్ధతిని నిషేధించినది. ఆ ఉత్తర్వుతో తండాలలో ఆకలి తగ్గలేదు. అయితే పేదరికము బిడ్డను తీసికొనుటకు ఆధారము కారాదు అను సూత్రము మొదటిసారి అధికారికముగా వ్రాయబడినది. ఎలీషా విధవరాలికి చేసినదానికి ఇది దగ్గరగా ఉన్నది.

నేటి చట్టము, కాపరి పని

2000 బాలల న్యాయ చట్టము, ముఖ్యముగా దాని 2006 సవరణ, మతభేదము లేకుండ దత్తతకు దారి తెరచినవి. షబ్నమ్ హష్మీ వ్యాజ్యములో 2014లో సుప్రీంకోర్టు, ఏ మతస్థుడైనను తన వ్యక్తిగత చట్టము ఏమి చెప్పినను ఈ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని స్పష్టపరచినది. కాబట్టి క్రైస్తవులకు దత్తత లేదు అను పాత మాటను మన తరగతులలో ఇంక చెప్పరాదు.

ఇప్పుడు అమలులో ఉన్నది 2015 బాలల న్యాయ చట్టము. దాని 35వ సెక్షను మన అంశమునకు ముఖ్యము. బిడ్డను వదులుకొన దలచిన తల్లి లేక తండ్రి బిడ్డను బాలల సంక్షేమ కమిటీ యెదుట హాజరుపరచవలెను. తమ చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణములను చట్టము పేర్కొన్నది. ఆర్థిక కారణము అను మాట అందులో లేదని గమనించవలెను. విచారణ, కౌన్సెలింగు జరిగిన తరువాతనే పత్రముమీద సంతకము, అదియు కమిటీ ముందే. తరువాత రెండు నెలలు వారు మనసు మార్చుకొనవచ్చును. దత్తత నియమావళి ప్రకారము వివాహితులైతే ఇద్దరును సంతకము చేయవలెను, అవివాహిత తల్లియైతే ఆమె ఒక్కతె చాలును. 2021 సవరణ తరువాత దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నాడు. ఈ పద్ధతిని తప్పించి అనాథ బిడ్డను గాని, వదులుకొన్న బిడ్డను గాని దత్తత ఇచ్చిన, పుచ్చుకొన్న వారికి మూడేండ్లవరకు జైలు గాని లక్ష రూపాయల జరిమానా గాని రెండును గాని (సెక్షను 80), బిడ్డను అమ్మిన, కొనినవారికి అయిదేండ్లవరకు కఠిన శిక్షయు జరిమానాయు ఉన్నవి (సెక్షను 81).

ఈ వివరములు లాయర్లకు మాత్రమే కావలసినవని అనుకొనరాదు. పెండ్లికాని పిల్ల గర్భవతి యైనప్పుడు ఆమె తల్లి మొదట వచ్చునది పాస్టరమ్మ దగ్గరకే. పిల్లలు లేని దంపతులు ప్రార్థన చేయించుకొని, "అయ్యగారూ, మీకు తెలిసిన హోములో పసిబిడ్డ ఉంటే చెప్పండి" అని అడుగునది మననే. ఈ ఇద్దరిని ఒకరికొకరు పరిచయము చేయుట దయగల పనిగా తోచును. ఆ పరిచయముతోనే గర్భిణికి, పుట్టని బిడ్డకు ఒక గిరాకీ ఏర్పడును, 1984 తీర్పు వద్దన్నది సరిగ్గా దానినే. కాపరి చేయవలసినది ఆ తల్లిని కమిటీ దగ్గరకు తోడుకొని వెళ్లుట, అరువది దినములలో ఆమె బిడ్డను తిరిగి కోరినట్లయితే ఆ ఇంటివారు ఆమెను నిందింపకుండ చూచుట. దంపతులను కారా వెబ్‌సైటులో నమోదు చేసికొనుమని పంపవలెను. ఆలస్యమగును, సంవత్సరములు పట్టును. దానికి కోపగించు దంపతులు మనకు ఉంటారు.

హిందూ చట్టము విషయములో ఇంకొక సంగతి మిగిలియున్నది, అది బాప్తిస్మము ఇచ్చు మనకు నేరుగా తగులును. 1956 హిందూ దత్తత చట్టము క్రింద జరుగు దత్తతలకు 2015 చట్టములోని గడువు, కమిటీ వర్తింపవు. ఒకసారి చెల్లుబాటుగా జరిగిన దత్తతను రద్దు చేయుటకు కూడ వీలులేదు. ఆ చట్టపు 9వ సెక్షనులో మొదట బిడ్డను ఇచ్చు అధికారము తండ్రిది, తల్లి సమ్మతి మాత్రము తప్పనిసరి. 2010 సవరణ తల్లికి తండ్రితో సమానమైన అధికారము ఇచ్చి, ఒకరు ఇచ్చునప్పుడు రెండవవారి సమ్మతి కావలెనన్నది. స్త్రీల హక్కులలో అది మంచి అడుగే. అయితే ఆ సమ్మతి అక్కరలేని సందర్భములు మూడు ఆ సెక్షనులో ఉన్నవి: రెండవవారు సన్యసించినప్పుడు, మతిస్థిమితము లేనివారని కోర్టు నిర్ణయించినప్పుడు, హిందువుగా ఉండుట మానినప్పుడు. భర్త హిందువుగా ఉండగా భార్య ఒక్కతె బాప్తిస్మము పొందినట్లయితే, ఆమె కన్న బిడ్డను దత్తత ఇచ్చునప్పుడు ఆమెను అడుగవలసిన పని ఈ చట్టము ప్రకారము లేదు. అదే 1956లో వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షను కూడ మతము మారినవారిని సహజ సంరక్షకులుగా ఎంచదు. 2010లో పార్లమెంటు 9వ సెక్షనును తిరుగ వ్రాసినప్పుడు ఈ మినహాయింపును తీసివేయలేదు, మన సంఘములనుండి దానిని గూర్చి పెద్దగా ఎవరును మాటలాడలేదు. ఒంటరిగా బాప్తిస్మమునకు సిద్ధపడు తల్లులకు మనము పేరు మార్పును గూర్చి, రిజర్వేషనును గూర్చి చెప్పుచున్నాము. ఈ సెక్షనును గూర్చి కూడ బాప్తిస్మపు తరగతిలోనే, సంతకము చేయించుకొనకముందే, వారికి తెలియజేయవలెను.